తోకలో ఎవరు గైర్హాజరు?

వీర్య పరీక్ష రిపోర్టు ఒకటి చేతిలో ఉందనుకోండి. కణాల సంఖ్య సరిపడా ఉంది. చాలామటుకు బతికే ఉన్నాయి. కదలిక గడిలో మాత్రం సున్నా. బతికున్న కణం ఎందుకు ఈదడం లేదు? ఈ ప్రశ్నకు వైద్యుల దగ్గర చాలా కాలం జవాబు లేదు. జవాబు దొరకనప్పుడు నింద ఎటు పోతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. 'గొడ్రాలు' అనే మాట ఆడవాళ్ల కోసమే పుట్టింది. మగవాడి వంతుకు అలాంటి మాట వాడుకలోనే లేదు.

ఆ సున్నా వెనక ఏముందో బయటపడటానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఈ కథలో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు, ఒళ్లంతా ముళ్లున్న సముద్రజీవి ఉంది, గుండె కుడివైపున్న మనుషులు ఉన్నారు. వీళ్లతో పాటు, ఒకప్పుడు శుక్రకణాలకు శత్రువుగా పేరుపడి, చివరికి వాటి తరఫున సాక్ష్యం చెప్పిన యాంటీబాడీ కూడా ఉంది.

డెల్ఫ్ట్ నుంచి వచ్చిన ఉత్తరం

1677 నవంబరులో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం వెళ్లింది. రాసింది ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. బట్టల వ్యాపారం చేసుకుంటూ, పూసంత కటకాలు తనే తయారు చేసుకుని, కంటికి కనపడని లోకాన్ని చూసిన మనిషి. లైడెన్‌కు చెందిన వైద్యవిద్యార్థి యోహాన్ హామ్ ఒక రోగి స్రావాన్ని తెచ్చి, అందులో తోకలున్న జీవులు కదులుతున్నాయని చెప్పాడు. దాంతో లీవెన్‌హుక్ తన వీర్యాన్నే కటకం కింద పెట్టాడు. అది పాపపు పని చేసి తీసింది కాదనీ, దాంపత్యంలో మిగిలిందేననీ సంజాయిషీ కూడా రాసుకున్నాడు. పండితులకు రోత అనిపిస్తే ప్రచురించకుండా పక్కన పెట్టేయమన్నాడు. సొసైటీ పక్కన పెట్టలేదు.

తోక ఉందనీ, అది కొట్టుకుంటుందనీ అప్పటి నుంచీ తెలుసు. తోకలో ఏముందో తెలియలేదు. మామూలు కాంతితో పనిచేసే మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపలేదు. మనిషి శుక్రకణం తోక 50 మైక్రోమీటర్ల పైచిలుకు పొడవుంటుంది కాబట్టి గీతలా కనపడుతుంది. ఆ తోకను ఆడించే యంత్రం అడ్డుకొలత మాత్రం సుమారు 250 నానోమీటర్లే. అంటే యంత్రం మొత్తం కలిసి ఒక్క చుక్క. కటకాన్ని ఎంత నునుపు చేసినా ఆ చుక్కలోని భాగాలు విడిపోవు.

బండిచక్రం బయటపడింది

1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ చుక్కను విప్పింది. 1952లో ఇంగ్లండ్‌లో ఐరీన్ మాంటన్, ఒక నాచుమొక్క శుక్రకణం తోకలో పదకొండు సన్నటి పోగులున్నాయని చూపించారు. తొమ్మిది అంచున, రెండు నడుమ. తోకను అడ్డంగా కోసి చూస్తే బండిచక్రమే: అంచున తొమ్మిది జంట నాళికలు, మధ్యలో ఇరుసులా రెండు విడి నాళికలు, అంచు నుంచి నడిమికి చక్రపు ఆకుల్లాంటి కమ్మీలు. ఈ నిర్మాణం పేరు ఆక్సోనీమ్. నాచుమొక్కలోనూ, మన ముక్కులో కదిలే సన్నటి వెంట్రుకల్లాంటి శైలికల్లోనూ, శుక్రకణం తోకలోనూ ఉన్నది ఇదే చక్రం.

1959లో స్టాక్‌హోమ్‌కు చెందిన బ్యోర్న్ అఫ్జేలియస్ సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి శుక్రకణాలను పరిశీలిస్తున్నారు. ఆ జీవి శుక్రకణాలు లెక్కలేనన్ని విడుదల చేస్తుంది, అందుకే ప్రయోగశాలలకు అది ఇష్టం. అంచునున్న ప్రతి జంట నాళిక నుంచి పక్క జంట వైపు చాచిన రెండు పొట్టి చేతులు, బయటిదొకటి లోపలిదొకటి, ఆయనకు కనిపించాయి. అవి ఏం చేస్తాయో అప్పటికి తెలియదు. 1963లో ఇయన్ గిబన్స్, టెట్రాహైమినా అనే ఏకకణ జీవి శైలికల నుంచి ఆ చేతుల్ని విడదీసి, అవి ఏటీపీ ఇంధనాన్ని ఖర్చుచేసే ప్రోటీన్ అని తేల్చారు. రెండేళ్ల తర్వాత దానికి డైనీన్ అని పేరు పెట్టారు. గ్రీకులో బలానికి ఉన్న మాట నుంచి వచ్చిన పేరది. డైనీన్ చేతులు పక్క నాళికను పట్టి లాగుతాయి. నాళికలు ఒకదాని పక్కన ఒకటి జారతాయి. తోక మొదలు దగ్గర కట్టేసి ఉండటం వల్ల ఆ జారుడు వంపుగా మారుతుంది. వంపు అలలా సాగుతుంది, కణం ముందుకు పోతుంది.

శుక్రకణంలో ఈ చక్రానికి మరిన్ని తొడుగులు ఉంటాయి. చుట్టూ తొమ్మిది దట్టమైన పోగులు, తల కిందున్న మెడభాగం దాటాక శక్తినిచ్చే మైటోకాండ్రియాల చుట్ట, అది ముగిసేచోట ఒక ఉంగరం, అక్కడి నుంచి దాదాపు చివరిదాకా కత్తికి ఒరలాగా ప్రోటీన్ పోగుల తొడుగు. ఇన్ని విడిభాగాల్లో ఏ ఒక్కటి లోపించినా ఈత చెడుతుంది.

గుండె కుడివైపున్న వాళ్లు

1970లలో అఫ్జేలియస్ దగ్గరకు మనుషుల నమూనాలు వచ్చాయి. పురుషుల సంతానలేమిపై పనిచేసే వైద్యుడు రూనె ఎలియాసన్ బృందం పంపిన ఆ వీర్యంలో కణాలు బతికే ఉన్నాయి, కదలడం మాత్రం లేదు. అడ్డుకోత చూస్తే చక్రం ఉంది, చేతులు లేవు. 1975లో ఈ సంగతి అచ్చయింది. అదే ఏడాది డెన్మార్క్‌లో పెడర్సన్, రెబ్బె కూడా ఇదే లోపాన్ని ప్రకటించారు.

అసలు మలుపు 1976లో వచ్చింది. శుక్రకణాలు కదలని నలుగురిని అఫ్జేలియస్ పరిశీలించారు. వాళ్లలో ముగ్గురికి చిన్ననాటి నుంచీ దగ్గు, సైనస్ బాధలు. వాళ్ల ఊపిరితిత్తుల్లో కఫాన్ని పైకి తోసే శైలికలు పనిచేయడం లేదు. ముగ్గురికి అవయవాలు అద్దంలో చూసినట్టు తారుమారై, గుండె కుడివైపు ఉంది. ఎడతెగని సైనస్, ఊపిరి గొట్టాల జబ్బు, తారుమారైన అవయవాలు కలిసి రావడాన్ని జూరిక్ వైద్యుడు మానెస్ కార్టగెనర్ 1933లోనే వర్ణించారు. ఆ మూడూ ఎందుకు కలిసొస్తాయో ఎవరికీ అంతుపట్టలేదు. అఫ్జేలియస్ జవాబు ఒక్క మాటలో ఉంది: అన్నిచోట్లా ఆగిపోయింది ఒకే యంత్రం. పిండ దశలో గుండెను ఎడమకు నడిపేది కూడా శైలికలే అయ్యుండాలి, అవి కదలకపోతే కుడో ఎడమో కాకతాళీయంగా తేలుతుంది అని ఆయన ఊహించారు. 1998లో జపాన్ పరిశోధకులు ఎలుక పిండాల్లో శైలికలు ద్రవాన్ని ఎడమవైపు తోయడం చూపడంతో ఆ ఊహకు బలం వచ్చింది.

ముల్లంగి ముక్కల లెక్క

ఇక్కడితో కథ ముగియాల్సింది. కానీ సాధనమే మెడకు చుట్టుకుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు నమూనాను రెసిన్‌లో పోసి గట్టిపరిచి, వజ్రపు కత్తితో సుమారు 70 నానోమీటర్ల మందాన తరగాలి. ముల్లంగిని చక్రాలుగా తరిగినట్టు ఒక్క తోకను ఆ మందంలో తరిగితే 700 పైచిలుకు ముక్కలు వస్తాయి. చూసేవాడి ముందు పడేవి ఏ తోకవో, ఎక్కడివో తెలియని కొన్ని ముక్కలే. తోక నిండుగా, తిన్నగా ఉంటే ఆ ముక్కల్ని బట్టి మిగతాది ఊహించవచ్చు. మొండిగా, చుట్టచుట్టుకుపోయి ఉంటే సరైన అడ్డుకోత దొరకడమే గగనం.

పైగా లోపల ఉండే చేతులు బయటి చేతులంత స్పష్టంగా కనపడవు. 'ఇక్కడేదో మసకగా ఉంది' అన్నచోట ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదువుతారు. యంత్రం ఖరీదు, నేర్పరుల కొరత, రోజుల తరబడి పని ఉండనే ఉన్నాయి. ఆ పరీక్ష కొన్ని పెద్ద కేంద్రాలకే పరిమితమైంది.

అందుకే ప్రశ్న మార్చి అడగాల్సి వచ్చింది. 'ఈ తోక లోపల ఎలా కనపడుతోంది?' అన్నది పాత ప్రశ్న. 'ఫలానా ప్రోటీన్ ఈ తోకలో ఉందా, లేదా?' అన్నది కొత్తది. క్లాసులో మాస్టారు పిల్లల మొహాలు చూడక్కర్లేకుండా హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచినట్టన్నమాట. పేరు పిలవగానే 'ఉన్నాను సార్' అనాలి. అలా పలికించే పని యాంటీబాడీది.

శత్రువే సాక్షి

యాంటీబాడీలకూ శుక్రకణాలకూ పాత పగ ఉంది. 1899లో లాండ్‌స్టైనర్, మెచ్నికోవ్ ఒక జాతి శుక్రకణాలను మరో జాతి జంతువు ఒంట్లోకి ఎక్కిస్తే వాటికి వ్యతిరేకంగా రక్తంలో పదార్థాలు పుడతాయని చూపించారు. 1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ర్యూమ్కె, అమెరికాలో విల్సన్ విడివిడిగా మరో సంగతి కనిపెట్టారు: పిల్లలు కలగని కొందరు మగవాళ్ల ఒంట్లో సొంత శుక్రకణాల మీదే యాంటీబాడీలు తయారై, వాటిని ఒకదానికొకటి అంటించేస్తున్నాయి. అలా యాంటీబాడీ సంతానలేమి కేసులో మొదట ముద్దాయిగానే బోనెక్కింది.

దాన్ని సాక్షిగా మార్చవచ్చన్న ఆలోచన వేరే దారిలో వచ్చింది. అమెరికన్ వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్ 1939లో బెర్లిన్‌లో గడుపుతూ, కీళ్లవాత జ్వరంలో కణజాలంలోని సూక్ష్మజీవి ఆనవాలును కంటికి కనపడేలా చేయడమెలా అని ఆలోచించారు. యాంటీబాడీ తన గుర్తును పట్టి వదలదు. దానికే ఒక వెలిగే రంగు అంటిస్తే? 1941లో హార్వర్డ్‌లో చేసి చూపించారు. మొదట వాడిన రంగు నీలంగా వెలిగింది. కణజాలం తనంతట తానే నీలంగా మెరుస్తుంది కాబట్టి తేడా తెలియలేదు. మరుసటి ఏడాది పచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కు మారడంతో పని సులువైంది.

రెండో అడ్డంకి, కావలసినంత నికరమైన యాంటీబాడీ దొరకకపోవడం. జంతువు రక్తంలో రకరకాల యాంటీబాడీలు కలగలిసి ఉంటాయి. 1975 ఆగస్టులో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ యాంటీబాడీ చేసే కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఆ సంకరకణం ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత ఇస్తుంది. 1984లో ఇందుకు నోబెల్ వచ్చింది. చేతులు లేని తోకలు అచ్చులో కనపడిందీ, ఒకే రకం యాంటీబాడీ పుట్టిందీ ఒకే ఏడాది. ఆ రెండు పనులకూ అప్పట్లో ఒకదాని ఊసు ఒకదానికి లేదు.

ఆ రెండింటి మధ్య వంతెన మళ్లీ సీ అర్చినే వేసింది. 1985లో పిపెర్నో, ఫుల్లర్ దాని శుక్రకణాల తోకల నుంచి తీసిన పదార్థంతో యాంటీబాడీలు తయారుచేశారు. నాళికల్లో ఉండే ట్యూబ్యులిన్‌కు ఎసిటైల్ ముద్ర పడిన రూపాన్ని మాత్రమే అవి గుర్తుపడతాయి. ఆ ముద్ర ఎన్నో జీవుల శైలికల్లో, తోకల్లో ఒక్కలాగే ఉంది, మనిషిలో కూడా. ఇవాళ శుక్రకణాన్ని పరీక్షించేచోట 'ఇదిగో తోక ఇక్కడి నుంచి ఇక్కడిదాకా' అని చూపించే యాంటీబాడీ చాలాసార్లు ఆ కుటుంబంలోదే.

స్లైడు మీద

వీర్యాన్ని కడిగి, ఒక చుక్క గాజు స్లైడు మీద పరిచి ఆరనిస్తారు. ఫార్మాల్డిహైడ్ లాంటి ద్రవంతో కణాల్ని ఉన్నచోటే బిగించి, పలుచని డిటర్జెంటుతో పొరకు చిల్లులు పెడతారు. అనవసరంగా ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందు ఒక మామూలు ప్రోటీన్‌తో ఖాళీలు నింపేస్తారు. తర్వాత మొదటి యాంటీబాడీ వేసి, తడి డబ్బాలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. పొద్దున కడిగి, మొదటిదాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ వేస్తారు. రంగు ఉండేది దీనికే. తలలోని డీఎన్‌ఏకు నీలం.

లైట్లు ఆర్పిన గదిలో కన్ను కటకానికి ఆనిస్తే నల్లటి ఆకాశంలో నీలి చుక్కలు, ఒక్కోదానికి వేలాడుతూ ఒక ఎర్రటి దారం. ఆ ఎరుపు ట్యూబ్యులిన్, అంటే తోక ఉంది. ఫిల్టరు మారిస్తే బయటి డైనీన్ చేతికి వేసిన పచ్చరంగు రావాలి. ఆరోగ్యవంతుడి స్లైడులో ఎర్రదారం ఉన్నంతమేరా పచ్చదారమూ ఉంటుంది, రెండూ కలిపితే పసుపు. రోగి స్లైడులో ఎరుపు అలాగే ఉంటుంది. పచ్చ ఉండాల్సినచోట చీకటి. పేరు పిలిచారు, ఎవరూ పలకలేదు.

కాంతి మైక్రోస్కోపు ఇక్కడ తన పాత బలహీనతను దాటేసింది. చేతిని విడిగా చూపడం దానికి ఇప్పటికీ చేతకాదు. ఉందో లేదో చెప్పడానికి ఆకారం కనపడక్కర్లేదు, వెలుగు చాలు. ముక్కలు కాదు, నిండు తోకలు. ఒకటి రెండు కాదు, ఒకే స్లైడులో వందలు.

ఒక్కో పేరూ పిలుస్తూ

ఏ పేర్లు పిలవాలో జన్యుశాస్త్రం చెప్పింది. 2002లో జర్మనీకి చెందిన హైముట్ ఒమ్రాన్ బృందం డీఎన్‌ఏహెచ్5 అనే జన్యువులో లోపం ఉంటే బయటి చేతులు పోతాయని చూపింది. 2005లో అదే బృందం యాంటీబాడీలతో ముక్కు నుంచి గీకి తీసిన కణాలను వెలిగించి, రోగుల్లో ఆ ప్రోటీన్ శైలికలోకి చేరక కింద మొదట్లోనే పోగుపడటం చూసింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 'చేయి లేదు' అని మాత్రమే చెప్పేది. యాంటీబాడీ 'చేయి తయారైంది, దారిలో ఆగిపోయింది' అని కూడా చెప్పగలిగింది.

తోకకే ప్రత్యేకమైన భాగాలకు వేరే పేర్లు కావాలి. 1987లో బ్యూనోస్ ఏరిస్‌లో హెక్టర్ కెమెస్, ఒర అడ్డదిడ్డంగా పెరిగి తోక మొద్దుబారిన కణాలను వర్ణించారు. ఆ ఒరలోని ముఖ్య ప్రోటీన్ ఏకేఏపీ4. 2002లో దాన్ని తీసేసిన ఎలుకల శుక్రకణాలు ముందుకు ఈదలేకపోయాయి. 2005లో ఉంగరంలోని ప్రోటీన్ సెప్టిన్4 లేని ఎలుకల్లో తోక సరిగ్గా ఉంగరం ఉండాల్సినచోట విరిగినట్టు వంగింది. మూడేళ్లలో జపాన్ పరిశోధకులు సెప్టిన్ యాంటీబాడీలతో మనుషుల్లోనూ కొందరి కణాలకు ఆ ఉంగరం లోపిస్తోందని చూపించారు. ఈలోగా 2003లో స్వీడన్‌లో మథియాస్ ఉలేన్ నాయకత్వంలో మనిషి ప్రోటీన్లన్నిటికీ యాంటీబాడీలు చేసే హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ మొదలైంది. అఫ్జేలియస్ ఊరి నుంచే హాజరు పట్టీకి కావలసిన పేర్లు వరసగా రావడం మొదలైంది.

2014లో ఫ్రాన్స్‌లోని గ్రనోబుల్ బృందం ఒక కొత్త గుంపును గుర్తించింది. ఆ మగవాళ్ల వీర్యంలో అయిదు రకాల తోకలు కలగలిసి ఉన్నాయి: అసలు లేనివి, పొట్టివి, వంగినవి, చుట్టుకుపోయినవి, ఒకచోట లావు ఒకచోట సన్నంగా ఉన్నవి. వాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లు. కొందరిలో లోపలి చేతికి చెందిన డీఎన్‌ఏహెచ్1 జన్యువు చెడింది. ఆ ప్రోటీన్‌కు వేసిన యాంటీబాడీ మామూలు తోకల్ని వెలిగించింది, వీళ్ల తోకల్ని వెలిగించలేదు. నడిమి జంటకు చెందిన ఎస్‌పీఏజీ6 కూడా సరిగా పలకలేదు. చక్రంలో చేయి పోతే ఇరుసు కూడా కూలుతుందన్నమాట.

ఈ రకం లోపాలు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి వచ్చినప్పుడే బయటపడతాయి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లకు ఇది దూరపు కబురు కాదు.

2019లో మరో చిక్కుముడి విడింది. శుక్రకణాలు కదలని కొందరికి దగ్గూ లేదు, జలుబూ లేదు. యంత్రం ఒకటే అయితే ముక్కు ఎలా పనిచేస్తోంది? శైలికల్లో బయటి చేతిని కట్టే ప్రోటీన్ వేరు, శుక్రకణం తోకలో కట్టేది వేరు అని తేలింది. తోకకు ప్రత్యేకమైనది డీఎన్‌ఏహెచ్17. అది చెడితే ముక్కుకు ఏమీ కాదు, తోకకు మాత్రమే చేటు. అఫ్జేలియస్ సూత్రానికి సవరణ అవసరమైంది: చక్రం నమూనా ఒకటే, మేస్త్రీలు వేరు.

పలకనివాడే దోషా?

హాజరు పట్టీకీ మోసాలున్నాయి. యాంటీబాడీ పట్టిన ప్రోటీన్ అక్కడ ఉంటుంది, పనిచేయకపోవచ్చు. క్లాసులో నిద్రపోతున్నవాడు కూడా హాజరే. యాంటీబాడీ పాడైపోతే ఉన్నవాడు కూడా పలకడు. అందుకే ప్రతిసారీ ఆరోగ్యవంతుడి స్లైడు పక్కన పెట్టుకుని చూడాలి. డీఎన్‌ఏహెచ్1 కథలో లాగా గైర్హాజరైనవాళ్లలో ఒకడే నేరస్థుడు, మిగతావాళ్లు వాడి వల్ల కూలినవాళ్లు కావచ్చు. కాబట్టి యాంటీబాడీ ఏ జన్యువును అనుమానించాలో చెబుతుంది. తీర్పు జన్యుపరీక్షది. అవసరమైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపునూ మళ్లీ పిలుస్తారు.

తెలిసి ఏం లాభం? 1992లో బ్రస్సెల్స్‌లో వచ్చిన ఇక్సీ పద్ధతిలో శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు, ఈదాల్సిన పనే లేదు. కదలని కణాల్లో బతికున్నదేదో తేల్చడానికి 1984 నాటి చిన్న కిటుకుంది: పలుచని ద్రావణంలో వేస్తే ప్రాణమున్న కణం నీరు తాగి తోక ముడుచుకుంటుంది. అయినా అందరికీ ఫలితం ఒకటి కాదు. డీఎన్‌ఏహెచ్1 లోపం ఉన్నవాళ్లలో ఇక్సీ బాగానే ఫలించిందని 2016లో తేలింది. పిండం విభజనకు కావలసిన సెంట్రియోల్ దెబ్బతిన్న రకాల్లో ఆశ తక్కువ. లక్షలు ఖర్చుపెట్టే ముందు ఈ తేడా తెలియడం చిన్న విషయం కాదు. పుట్టబోయే బిడ్డకు లోపం ఎలా సంక్రమిస్తుందో లెక్క చెప్పడానికి కూడా చెడిన జన్యువు పేరు కావాలి.

అందుకే ఇవాళ తెలిసిన వైద్యుడు కదలిక గడిలో సున్నా చూసినప్పుడు ముందు కాగితం పక్కన పెడతాడు. ఎదురుగా కూర్చున్న మగవాణ్ణి, పక్కనున్న భార్యకు వింతగా తోచే ప్రశ్న ఒకటి అడుగుతాడు: "చిన్నప్పటి నుంచీ ముక్కు కారుతూనే ఉండేదా? మీ అన్నదమ్ముల్లో ఇంకెవరికైనా ఉందా?"